పదో నంబరు పానా, మేనూత్ ఫాదరు

"ఫోను ఇంజను దగ్గర పెట్టమ్మా" అన్నాడు బాబాయ్.

పెట్టాను. ఇక్కడ ఐర్లండ్‌లో, కిల్డేర్ కౌంటీ మేనూత్‌లో, మా ఇంటి ముందు పొద్దున తొమ్మిదింటికి తుంపర పడుతోంది. అక్కడ విజయవాడలో బాబాయ్ భోంచేసి మడతమంచం వాల్చుకున్నట్టున్నాడు. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు బండ్లకి వైరింగు చేసిన మనిషి. పది సెకన్లు విన్నాడు.

"మూడు కాళ్ల మీద నడుస్తోంది. ఒకటి మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్గన్నా పోయుండాలి, కాయిలన్నా పోయుండాలి."

అంతే! ఎనిమిదివేల కిలోమీటర్లకి పైగా దూరం నుంచి, తుంపర చప్పుడు మధ్యలో, నాలుగు సిలిండర్లలో ఒకటి పని చేయడం లేదని చెవితో పట్టేశాడు. అక్కడ మొదలైంది నా పిచ్చి. రెండు వారాలైంది, ఇంకా దిగలేదు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర నన్ను చూడగానే లేచిపోతున్నారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ ఫోనుకి ముందురోజు సాయంత్రం డబ్లిన్ నుంచి ఎం4 మోటార్‌వే మీద వస్తున్నాను. లీక్స్‌లిప్ దాటాక స్టీరింగు వణకడం మొదలైంది. ఇడ్లీ పాత్ర మూత ఆవిరికి తుళ్ళినట్టు బండి మొత్తం తుళ్ళుతోంది. తొక్కితే పికప్ లేదు. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుప్పచ్చ దీపం వెలిగి ఊరుకుంటే సరే, ఇది కన్ను కొట్టినట్టు కొడుతోంది. ఆ దీపం నిలకడగా వెలిగితే 'తీరిక చూసుకుని చూపించు' అని. అదే ఆరుతూ వెలుగుతూ ఉంటే 'ఇప్పుడే నెమ్మదించు' అని. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని కాల్చేస్తుందట. ఆ కన్వర్టర్ ధర తెలిశాక నాకు నిజంగానే చెమట పట్టింది.

మాది పెట్రోలు కారు, పదిహేనేళ్ల పాతది. పదేళ్లు దాటిన కారుకి ఇక్కడ ఏటా ఎన్‌సీటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష. మాకు గడువు మూడు వారాలే ఉంది. సిలిండర్ ఒకటి మండకపోతే పొగ పరీక్ష సంగతి చెప్పక్కర్లేదు. ఒక గ్యారేజీకి ఫోను చేస్తే వారం దాకా ఖాళీ లేదన్నారు. నాలుగు కాయిళ్లూ, నాలుగు ప్లగ్గులూ మార్చాలంటే కూలితో కలిపి నాలుగు వందల యూరోలు దాటుతుందన్నారు. మా ఆయన నిట్టూర్చాడు. బాబాయ్ మాత్రం నవ్వాడు.

"దానికి నాలుగు వందలెందుకే? పదో నంబరు పానా ఉందా ఇంట్లో?"

పానా! ఆ మాట విని ఎన్నేళ్లయింది! ఇక్కడ అందరూ స్పానర్ అంటారు, సాకెట్ అంటారు. పానా అనగానే మా నాన్న చేతక్ స్కూటర్ కళ్లముందు కదిలింది. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే దాన్ని పక్కకి ఒంచి, మళ్లీ నిలబెట్టి, ప్లగ్గు ఊడదీసి, గరుకు కాగితంతో గీకి, నోటితో ఉఫ్‌మని ఊది, బనీను అంచుకి తుడిచి బిగించేవాడు. అది రోజూ చేసే సంధ్యావందనంలా ఉండేది. నేను స్కూలు సంచి తగిలించుకుని చూస్తూ నిలబడేదాన్ని, ఒక్కసారైనా ఆ ప్లగ్గు ఏం చేస్తుందని అడిగిన పాపాన పోలేదు.

సరే, ఇక పని. ఇరవై యూరోలు పెట్టి ఓబీడీ రీడర్ అనే అగ్గిపెట్టెంత వస్తువు కొన్నాను. స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది, దానికి గుచ్చితే కారు తన జబ్బు ఫోనులోకి చెబుతుంది. పీ0303 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు. అంటే మూడో సిలిండర్ మిస్సింగ్. కానీ మిస్సింగ్ అని చెప్పిందే గానీ, ఎందుకో చెప్పలేదు. ప్లగ్గా, కాయిలా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా?

దీనికి బాబాయ్ చెప్పిన ఉపాయం విన్నాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "మూడో దాని మీది కాయిల్ తీసి ఒకటో దాని మీద పెట్టు, ఒకటో దానిది మూడో దాని మీద పెట్టు. మళ్లీ చూడు. జబ్బు ఒకటికి మారిందా, కాయిల్ దొంగ. మూడులోనే ఉందా, కాయిల్ మంచిది, కింద చూడాలి." చెయ్యాల్సింది తోడికోడళ్లకి గదులు మార్చి పోట్లాట ఎవరితో వస్తోందో చూడటం లాంటిదే! రూపాయి ఖర్చు లేదు.

బానెట్ ఎత్తాను. పైన నల్లటి ప్లాస్టిక్ మూత, పట్టుకుని లాగితే రబ్బరు గుబ్బల మీంచి ఊడి వచ్చింది. కింద వరసగా నాలుగు నల్లటి తలకాయలు. ఒక్కొక్కదానికి ఒక వైరు కనెక్టరు, ఒక బోల్టు. అంతే. ఇంత బహిరంగంగా, చేతికి అందేలా కూర్చున్న వాటి కోసమా నాలుగు వందల యూరోలు!

ఇంజను చల్లారాకే ముట్టుకోమన్నాడు బాబాయ్. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి పక్కన పెట్టమన్నాడు. పెట్టాను. కనెక్టరు క్లిప్పు నొక్కితే టప్‌మని విరిగింది. పదిహేనేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్కు అప్పడమై కూర్చుంది. మా ఆయన "చెప్పానా" అన్నాడు. ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. (తర్వాత కేబుల్ టై వేసి కట్టాను, గట్టిగానే ఉంది.) పదో నంబరు పానా బోల్టు మీద కూర్చుంది. మొదట పట్టు ఇవ్వలేదు. అర తిప్పు తిప్పాక ఇక వేళ్లతోనే వచ్చేసింది. కాయిల్ తల పట్టుకుని కొంచెం అటూ ఇటూ మెలిపెట్టి పైకి లాగితే, తడి ఇసకలోంచి తేగ పీకినట్టు, ప్లప్‌మని శబ్దం చేసి బయటికి వచ్చింది. పొడవు కూడా తేగంతే. పైన తలకాయ, కింద పొడవాటి రబ్బరు తొడుగు, దాని కొసన లోపల ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగు లోతైన బావిలాంటి గుంటలోకి దిగి ప్లగ్గు నెత్తిన కూర్చుంటుంది.

వెలుతురులో తిప్పి చూశాను. రబ్బరు తొడుగు పొడవునా ఒక బూడిద రంగు గీత. జుట్టుకన్నా సన్నం. తల దగ్గర ప్లాస్టిక్కు నెర్రె ఇచ్చింది, దాని అంచున ఆకుపచ్చ చిలుం. కింద ప్లగ్గుకి పోవాల్సిన మెరుపు, ఆ నెర్రెలో చేరిన తడిని పట్టుకుని, పక్కదారిన ఇనుములోకి పారిపోతోంది! వానరోజునే ఎందుకు మొరాయించిందో అప్పుడు అర్థమైంది. ఐర్లండ్‌లో వానరోజు కాని రోజేది అనుకోండి, అది వేరే విషయం.

ఒకటీ మూడూ మార్చి స్టార్ట్ చేశాను. రీడర్‌లో పాత కోడు చెరిపి చూస్తే, అరనిమిషానికి పీ0301! దొంగ దొరికాడు! వీధిలో ఎవరూ లేరని చూసుకుని గెంతాను. పక్కింటి ఐరిష్ పెద్దాయన కిటికీలోంచి చూస్తున్నాడని తర్వాత తెలిసింది.

కొత్త కాయిళ్లు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పాత కాయిల్‌ని భోజనాల బల్ల మీద పెట్టుకుని దాని గురించి చదివాను. ఇక్కణ్ణించి అసలు కథ.

కారు బ్యాటరీ 12 వోల్టులు. ముట్టుకున్నా ఏమీ కాదు. ప్లగ్గు కొసన మిల్లీమీటరు సందు ఉంటుంది, కానీ నొక్కిపెట్టిన గాలీ పెట్రోలూ కలిసిన ఆ ఒత్తిడిలో దాన్ని దాటి మెరుపు దూకాలంటే వేల వోల్టులు కావాలి, ముప్పై వేల దాకా కూడా. 12 ఎక్కడ, ముప్పై వేలు ఎక్కడ! మధ్యలో ఉన్నదంతా ఈ తేగే. లోపల ఇనుప గుంజ. దానికి లావు రాగి తీగ వందల చుట్లు. దానికి తోడు వెంట్రుకంత తీగ, వంద రెట్లు ఎక్కువ చుట్లు. లావు తీగలోకి కరెంటు వదిలి, అది నిండాక ఠక్కున ఆపేస్తారు. గమ్మత్తంతా ఆపడంలో ఉంది! మేడ మీది ట్యాంకు నీళ్లు జోరుగా వస్తున్నప్పుడు కుళాయి ఒక్కసారి కట్టేస్తే గోడలో పైపు ధన్‌మంటుంది చూడండి. పారేదాన్ని అర్ధాంతరంగా ఆపితే అది ఊరుకోదు. ఇక్కడ కరెంటు అలాగే తిరగబడుతుంది, ఆ తిరుగుబాటు సన్న తీగలో వంద రెట్లయి ప్లగ్గు దగ్గర మెరుపై దూకుతుంది.

విద్యుదయస్కాంత ప్రేరణ. పదో తరగతిలో తెలుగు మీడియంలో ఈ మాటని బట్టీపట్టి, నిర్వచనం రాసి, అయిదు మార్కులు తెచ్చుకున్నాను. ఫారడే 1831లో కనిపెట్టాడని కూడా రాశాను. అది మా కారు బానెట్ కింద సెకనుకి పాతికసార్లు జరుగుతుందని ఎవరైనా చెబితే కదా! లెక్క వేసి చూశాను. ఎం4 మీద ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకి ఒకసారి చొప్పున, ఒక్కో కాయిలు సెకనుకి 25 మెరుపులు వదులుతోంది. డబ్లిన్ వెళ్లి వచ్చేసరికి నాలుగూ కలిపి లక్షకి పైన! ఎప్పుడన్నా ఒకటి చతికిలపడిందంటే జాలేసింది.

మరి ఈ రెండు తీగల చుట్ట ఆలోచన మొదట ఎవరికి వచ్చిందని వెతికితే వచ్చిన పేరు నికొలస్ కాలన్. ఊరు, మేనూత్. ఈ ఊరే! నేను కూరగాయలు కొనే ఊరు! రాయల్ కెనాల్ గట్టున నడకకి పోతూ రోజూ దాటే ఆ పెద్ద రాతి కాలేజీ! యూనివర్సిటీలో కాలన్ బిల్డింగ్ అని ఒకటుంది, దాని ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో. ఎవరో విరాళం ఇచ్చిన పెద్దమనిషి అనుకున్నాను.

పెద్దమనిషే, కానీ ఫాదరు. క్యాథలిక్ పూజారి! 1799లో లౌత్ కౌంటీలో పుట్టాడు. 1795లో పెట్టిన ఈ సెయింట్ పాట్రిక్స్ కాలేజీలో చదివి, రోముకి పోయి దైవశాస్త్రం చదివి, అక్కడ గాల్వానీ, వోల్టా చేసిన పనుల రుచి మరిగి, 1826లో ఇక్కడికే ప్రకృతి శాస్త్రం చెప్పడానికి తిరిగొచ్చాడు. 1864లో చనిపోయేదాకా ముప్పై ఎనిమిదేళ్లు అదే ఉద్యోగం. పిల్లలందరూ ఫాదర్లు కాబోయేవాళ్లు. వాళ్లకి పరలోకం గురించి చదువు కావాలి, ఈయన బేస్‌మెంట్ ప్రయోగశాలలో మెరుపులు పుట్టిస్తున్నాడు!

1836లో ఆయన చేసింది ఇదీ: గుర్రపు లాడం ఆకారంలో వంచిన ఇనుప కడ్డీ, దాని మీద లావు తీగ, సన్న తీగ. లావు దాంట్లో బ్యాటరీ కరెంటు పంపి తెంపితే, సన్న దాంట్లో దెబ్బ. రెండు వందల ఏళ్లకి దగ్గర పడుతున్నా మన కాయిల్ పని అదే. ఆ రోజుల్లో పూత వేసిన తీగ అంగట్లో దొరికేది కాదు. కరిగించిన గుగ్గిలం లాంటి బంకలోనూ తేనెమైనంలోనూ ముంచి ఈడ్చి, తీగకి ఆయనే తొడుగు చేసుకునేవాడు. పెద్ద విద్యుదయస్కాంతానికి ఇనుము కాచి వంచింది ఊరి కమ్మరి. ఆటోనగర్ లక్షణాలు మొత్తం ఉన్నాయి చూడండి! కొనడానికి లేకపోతే చేసుకో, చేసుకోవడం రాకపోతే పక్కన కొలిమి వాణ్ణి పిలువు.

కరెంటుని ఆపుతూ వదులుతూ ఉండటానికి గడియారం యంత్రం బిగించాడు. సెకనుకి 20 సార్లు. నా కారు 25, ఫాదరుగారి గడియారం 20! ఆ లెక్క చూసి నేను రాత్రి పదకొండున్నరకి మా ఆయన్ని నిద్రలేపాను. ఆయన పెద్ద కాయిల్ నుంచి పదిహేను అంగుళాల మెరుపులు వచ్చేవి, మూర పొడవుకి కొంచెమే తక్కువ.

వోల్టు మీటర్లు లేని కాలం. దెబ్బ ఎంత గట్టిదో కొలిచేదెలా? విద్యార్థుల మీద! తీగలు పట్టుకోమనేవాడట. అలా పట్టుకుని స్పృహ తప్పిన ఒక కుర్రాడు తర్వాత డబ్లిన్ ఆర్చిబిషప్ అయ్యాడని ఇక్కడ ముచ్చటగా చెప్పుకుంటారు. పిల్లల్ని వదిలెయ్యమని కాలేజీ వాళ్లు మొత్తుకున్నాక టర్కీ కోళ్ల మీద పడ్డాడట. కోళ్లు చచ్చాయి. నవ్వాలో అయ్యో అనాలో తెలియదు. మా స్కూల్లో సైన్సు మాస్టారు ఒకాయన షాక్ కొట్టే మెగ్గర్ పట్టుకోమని పిల్లల్ని ఉడికించేవాడు, ఆయనే గుర్తొచ్చాడు.

బ్యాటరీల్లో ప్లాటినం వాడితే ఖరీదని పోత ఇనుముతో చవక బ్యాటరీ చేశాడు, దాని పేరే మేనూత్ బ్యాటరీ. ఒకసారి ఏకంగా 577 సెల్స్ వరసగా కలిపాడు. ఇనుము తుప్పు పట్టకుండా సీసం, తగరం కలిపి పూత వేసే పద్ధతికి 1853లో పేటెంటు తీసుకున్నాడు. మధ్యలో తీరిక దొరికినట్టుంది, సెయింట్ అల్ఫోన్సస్ లిగోరీ భక్తి పుస్తకాలు అనువాదం చేశాడు.

ఇంత చేసినవాడి పేరు మనకెందుకు తెలియదు? ఇంటర్ ఫిజిక్సులో ఆ బొమ్మ కింద రూమ్‌కార్ఫ్ కాయిల్ అని ఉండేది, గుర్తుందా? హైన్రిచ్ రూమ్‌కార్ఫ్ పారిస్‌లో స్థిరపడిన జర్మన్ పనిముట్ల తయారీదారు. నాణ్యంగా చేశాడు, అమ్మాడు, ప్రపంచమంతా పంపాడు. మూడో నెపోలియన్ 1864లో యాభై వేల ఫ్రాంకుల బహుమతి ఇచ్చాడు. అదే ఏడు జనవరిలో కాలన్ ఈ ఊళ్లో కన్నుమూశాడు. కాలన్ 1837లోనే ఒక నమూనా లండన్‌లో స్టర్జన్ అనే విద్యుత్ శాస్త్రవేత్తకి పంపాడు, అక్కడ అందరూ చూశారు కూడా. అయినా మరుగున పడిపోయాడు. 1936లో, సరిగ్గా నూరేళ్లకి, ఇదే మేనూత్‌లోని ప్రొఫెసర్ మెక్‌లాక్లిన్ పాత కాగితాలు తిరగేసి, ఇది మా ఫాదరుది అని నిరూపించాడు. అమెరికాలో చార్లెస్ పేజ్ కూడా అదే కాలంలో ఇలాంటిదే చేశాడు, ఆ వాటా ఆయనకి పోనీ. కానీ నేను మేనూత్ మనిషిని, నా ఓటు ఫాదరుకే.

ఒక మధ్యాహ్నం కాలేజీ మ్యూజియంకి వెళ్లాను. చేతిసంచిలో నా పాత కాయిల్ ఉంది. ఎందుకు తీసుకెళ్లానో అడక్కండి, పెళ్లిచూపులకి తీసుకెళ్లినట్టు. గాజు వెనక ఆయన కాయిళ్లు. ఆ లాడం నా నడుముదాకా వస్తుందేమో అనిపించింది. తీగల మీద మైనం నల్లబడి ఉంది. కొన్నిచోట్ల చుట్లు సమంగా లేవు, చేత్తో చుట్టిన వంకరలు అలాగే కనబడుతున్నాయి. ఎవరూ చూడకుండా సంచిలోంచి నా తేగని తీసి గాజు దగ్గర పట్టుకున్నాను. తాతా, మునిమనవడూ.

ఇంకో సంగతి చెప్పకపోతే తోచదు. ఫోర్డ్ మోడల్ టీ కారులో డ్రైవరు ముందు ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో నాలుగు కాయిళ్లు, సిలిండరుకి ఒకటి, తుమ్మెదల్లా ఝుమ్మని మోగుతూ. ఆ హెన్రీ ఫోర్డ్ తండ్రి పుట్టింది కార్క్ కౌంటీలో బాలినాస్కార్తీ అనే పల్లె. కరువు రోజుల్లో, 1847లో వెళ్లిపోయాడు. కొడుకు 1917లో కార్క్ నగరంలో కంపెనీ పెట్టాడు. 1919లో మొదటి ఫోర్డ్‌సన్ ట్రాక్టరు బయటికొచ్చింది. దానికీ అదే నాలుగు కాయిళ్ల పెట్టె! తర్వాత ఒకే కాయిలు పెట్టి, డిస్ట్రిబ్యూటర్ అనే తిరిగే చేత్తో నలుగురికీ వడ్డించడం వచ్చింది. ఇప్పుడు మళ్లీ ఎవరి కాయిలు వాళ్లకే. వందేళ్లు తిరిగి మోడల్ టీ దగ్గరికే వచ్చాం!

ఈ కాయిల్ సంగతి ట్రక్కులకీ వర్తిస్తుందా అని మా అన్నయ్య అడిగాడు. లారీ పెట్రోలుదైతే వర్తిస్తుంది. ఇక్కడి లారీలూ, వ్యాన్లూ, పికప్పులూ దాదాపు అన్నీ డీజిలే. డీజిలుకి మెరుపు అక్కర్లేదు, గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తే తనంతట తానే అంటుకుంటుంది. పాపం, వాళ్లకి ఈ సరదా లేదు.

శనివారం కొత్త కాయిళ్లు వచ్చాయి. ప్లగ్గులు కూడా మార్చమని బాబాయ్ పట్టుబట్టాడు. పాత ప్లగ్గు కొస అరిగి సందు పెరిగితే, దాన్ని దాటడానికి కాయిలు ఎక్కువ వోల్టులు తోయాలి, అలా తోసి తోసే చస్తుందట. గుంటలోకి దుమ్ము పడకుండా ముందు గాలి ఊదాను, నాన్న లాగే నోటితో, కళ్లల్లో పడింది. ప్లగ్గుని మొదట చేత్తోనే, పానా లేకుండా, మరలు కలిసేదాకా తిప్పాలి. వంకరగా ఎక్కిందా, ఇంజను తలకాయే మార్చుకోవాలి. ఆఖరి బిగింపుకి పక్కింటి పెద్దాయన తన టార్క్ రెంచి ఇచ్చాడు. ఎంత బిగువు కావాలో అంకె పెడితే, అక్కడికి రాగానే అదే కట్‌మంటుంది. కిటికీ నుంచి నా గెంతు చూసినందుకేమో, నవ్వుతూ ఇచ్చాడు. మూడో కాయిల్ బోల్టు చేతిలోంచి జారి కింది ప్లాస్టిక్ పళ్లెంలోకి పడిపోతే, అయస్కాంతం ఉన్న పొడవాటి కర్ర కూడా ఆయనే తెచ్చి తీశాడు. రబ్బరు తొడుగు లోపల కొంచెం సిలికాన్ గ్రీజు రాసి, ఒక్కొక్కటీ దించి, కింద కూర్చున్నట్టు చేతికి తెలిసేదాకా నొక్కి, బోల్టు, కనెక్టరు. నాలుగూ అయ్యేసరికి గంటంబావు. అందులో బోల్టు వెతకడమే అరగంట.

తాళం తిప్పాను.

ఎంత మెత్తగా ఉందంటే, స్టార్ట్ అయ్యిందో లేదో అనుమానమొచ్చి మళ్లీ తిప్పబోయాను. చుట్లు చూపించే ముల్లు చూస్తే 750 దగ్గర కదలకుండా నిలబడింది. పెద్దాయన చెయ్యి బానెట్ అంచు మీద పెట్టి చూసి, "గ్రాండ్" అన్నాడు. ఐర్లండ్‌లో ఇంతకన్నా పెద్ద బిరుదు లేదు. ఖర్చు మొత్తం నూట నలభై యూరోలు, ఓబీడీ రీడరుతో కలిపి.

బాబాయ్‌కి ఫోను చేసి ఇంజను దగ్గర పెట్టాను. ఈసారి అరనిమిషం విన్నాడు.

"నాలుగూ నడుస్తున్నాయి. పాత కాయిల్ ఏం చేశావ్?"

"బల్ల మీద ఉంది బాబాయ్. పారేద్దామా?"

"పారెయ్యకు! సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. రంపంతో నిలువునా కోసి చూద్దాం, ఎక్కడ కాలిందో."

ఇన్నేళ్లూ విజయవాడ నుంచి డబ్లిన్‌కి ఆవకాయ సీసాలు మోశాను. ఈసారి అటువైపు, ఉన్ని స్వెటర్ల మధ్య చుట్టి, ఒక కాలిపోయిన కాయిల్.